వాయుగుండం మాట వినిపించకముందే జెడ్ డ్రైవ్ సంగతి చూసుకోండి

మన నెల్లూరుకు అసలు వానలు అక్టోబరులో మొదలవుతాయి. రాష్ట్రమంతా జూన్ నుంచి తడుస్తుంటే మనం ఈశాన్య రుతుపవనాల కోసం కాచుకుని ఉంటాం. వచ్చాక ఇక డిసెంబరు దాకా వదలవు. వాన మంచిదే, దాంతోపాటు కరెంటూ నెట్టూ పోవడమే ఇబ్బంది. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, అంతకుముందే కుమ్మరించాల్సిందంతా మన మీద కుమ్మరించింది.

నేను చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు చూస్తుంటాను. ఆడిటర్ ఆఫీసులు, రొయ్యల మేత డిపోలు, ఒంగోలు వైపు ఒకటి రెండు గ్రానైట్ ఆఫీసులు. అన్నిచోట్లా ఏర్పాటు ఒకటే. మూలన ఒక సిస్టమ్ ఉంటుంది, దాన్ని అందరూ సర్వర్ అంటారు. అందులో ఒక షేర్డ్ ఫోల్డర్ ఉంటుంది. మిగతా సిస్టమ్స్‌లో అదే జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. మూలనున్న పెట్టె ఆగిందా, జెడ్ మీద ఎర్ర గుర్తు పడుతుంది. జీఎస్‌టీ గడువు 20వ తేదీ అయినా సరే, అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

దీనికి విండోస్‌లోనే ఒక ఉపాయం ఉంది. ఆఫ్‌లైన్ ఫైల్స్ అంటారు. విండోస్ 2000 కాలం నుంచీ ఉన్నదే కానీ మన ఆఫీసుల్లో వాడేవాళ్లు తక్కువ. షేర్డ్ ఫోల్డర్‌లో మీరు కోరిన భాగానికి మీ ల్యాప్‌టాప్‌లోనే ఒక కాపీ ఉంటుంది. సర్వర్ అందకపోయినా అదే జెడ్ డ్రైవ్‌లో అదే ఫైలు తెరుచుకుంటుంది. మళ్లీ కలిసినప్పుడు మార్పులు సర్వర్‌కు వెళ్తాయి.

ముందుగా సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి మీది ఏ విండోస్ ఎడిషనో చూడండి. హోమ్ ఎడిషన్ అయితే ఈ సౌకర్యం లేదు, ప్రో ఉండాలి. ప్రో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో సింక్ సెంటర్ తెరిచి, మేనేజ్ ఆఫ్‌లైన్ ఫైల్స్‌లో ఎనేబుల్ నొక్కి రీస్టార్ట్ చేయండి. తర్వాత జెడ్ డ్రైవ్‌లో కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ అవైలబుల్ ఆఫ్‌లైన్ పెట్టండి. విండోస్ 11లో ఇది షో మోర్ ఆప్షన్స్ లోపల దాక్కుని ఉంటుంది.

జెడ్ మొత్తాన్నీ ఎంచుకోవద్దు. పదేళ్ల పాత బిల్లుల స్కాన్‌లు తుపానులో ఎవరూ తెరవరు, ల్యాప్‌టాప్ నిండిపోతుందంతే. ఈ ఏడాది ఫోల్డర్, పార్టీల చిరునామాలు, స్టాకు షీట్లు చాలు. మొదటిసారి కాపీ కావడానికి టైం పడుతుంది కాబట్టి సాయంత్రం నెట్‌వర్క్ కేబుల్ పెట్టి వదిలేసి వెళ్లండి. ఆ సమయంలో ఎవరి సిస్టమ్‌లోనైనా ఎక్సెల్ తెరిచి ఉంటే ఆ ఫైలు మిగిలిపోవచ్చు. అన్నీ మూసి వెళ్లమని స్టాఫ్‌కు చెప్పండి. చెప్పినా ఒకరు మర్చిపోతారు, పొద్దున సింక్ సెంటర్‌లో ఎర్రర్లు ఒకసారి చూసుకోండి.

లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ ఉంటుంది కదా, దాని డేటా ఫోల్డర్‌ను మాత్రం ఇలా పెట్టొద్దు. ఇద్దరు విడివిడిగా రాసిన లెక్కల్ని కలిపి ఒకటి చేసే తెలివి ఆఫ్‌లైన్ ఫైల్స్‌కు లేదు. మొత్తం ఫైలుకు ఫైలే మార్చేస్తుంది. టాలీకి బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. నెట్‌వర్క్ లేని రోజుల ఎంట్రీలు చిత్తు పుస్తకంలో రాసుకుని తర్వాత ఎక్కించండి. పాతకాలం పద్ధతే, కానీ దాన్ని మించింది నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఇంత చేశాక చాలామంది ఆగిపోతారు. అసలు పరీక్ష ఇంకా ఉంది. ఎండ కాస్తున్న రోజునే ల్యాప్‌టాప్ నుంచి లాన్ (నెట్‌వర్క్) కేబుల్ పీకండి, వైఫై కూడా ఆపండి. ఇప్పుడు జెడ్‌లో ఒక ఎక్సెల్ ఫైలు తెరవండి. ఒక గడి మార్చి సేవ్ చేయండి. మళ్లీ కేబుల్ పెట్టి, ఆ మార్పు సర్వర్‌లో కనిపిస్తోందో లేదో పక్క సిస్టమ్ నుంచి చూడండి. ఈ పది నిమిషాల పని చేయని ఆఫీసుల నుంచే నాకు వానలో ఫోన్లు వస్తాయి.

ఫైలు తెరుచుకోకపోవడం కంటే పెద్ద తలనొప్పి, మళ్లీ కలిసినప్పుడు మొదలవుతుంది. మామూలు రోజుల్లో ఒకరు తెరిచిన ఎక్సెల్‌ను ఇంకొకరు తెరిస్తే వేరేవాళ్లు వాడుతున్నారని హెచ్చరిక వస్తుంది. తెగిపోయినప్పుడు ఆ కాపలా ఉండదు. మిచాంగ్ వానల్లో ఒక మేత డిపోలో ఇదే జరిగింది. రొయ్యల గుంటల దగ్గరున్న కుర్రాడు ల్యాప్‌టాప్‌లో మేత బస్తాల లెక్క రాశాడు. ఊళ్లో జనరేటర్ మీద గుమాస్తా అదే షీట్‌లో వసూళ్లు రాశాడు. కరెంటొచ్చాక రెండు ఫైళ్లలో ఏది ఉంచాలని సింక్ సెంటర్ అడిగింది. నేను తొందరలో ఒకటి నొక్కేశాను. కుర్రాడి మూడు రోజుల లెక్క పోయింది. “ఏందన్నా, అంతా రాసిపెట్టినా గదా” అని వాడంటుంటే నాకు మొహం ఎత్తబుద్ధి కాలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. వాయుగుండం కబురు రాగానే గోడ మీద ఒక కాగితం అంటిస్తాను. ఏ ఫైలు ఎవరిదో దాని మీద రాసి ఉంటుంది. తెగిపోయి ఉన్నన్నాళ్లూ ఆ ఫైలు ఆ ఒక్కరే ముట్టుకోవాలి. మిగతావాళ్లు చూడొచ్చు, రాయకూడదు. అయినా గొడవ వస్తే సింక్ సెంటర్‌లో వ్యూ సింక్ కాన్‌ఫ్లిక్ట్స్ తెరిచి, రెండూ ఉంచమనే ఎంపికే నొక్కండి. ఏది కొత్తదో తీరిగ్గా టీ తాగుతూ పోల్చుకోవచ్చు.

ఆఫ్‌లైన్ ఫైల్స్‌ను బ్యాకప్ అనుకోవద్దు. సర్వర్‌లో ఎవరైనా ఫైలు తీసేస్తే, కలిసిన వెంటనే మీ కాపీ కూడా పోతుంది. విడిగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉండాలి. అది కూడా కింది అరలో కాదు, నీళ్లందని ఎత్తులో. ల్యాప్‌టాప్ బయట తిరిగేదైతే అందులో పార్టీల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉంటాయని గుర్తుంచుకోండి. మేనేజ్ ఆఫ్‌లైన్ ఫైల్స్‌లోనే ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవకుండా తాళం వేయడం) ఉంది, పెట్టేయండి.

ఫైళ్లను నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ వాడేవాళ్లకు ఇంత గోల లేదు, ఒక్క గుర్తు చూసుకుంటే చాలు. ఫైలు పక్కన మబ్బు బొమ్మ ఉంటే అది నెట్‌లోనే ఉన్నట్టు, వానలో తెరుచుకోదు. రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ నొక్కితే నిండు ఆకుపచ్చ టిక్ వస్తుంది.

ఇక వాన తగ్గాక. సర్వర్ పెట్టె తడిసిపోయి కొత్తది తెచ్చారనుకోండి. ల్యాప్‌టాప్‌ను వెంటనే దానికి కలపొద్దు. కొత్త పెట్టె ఖాళీగా ఉంటే, ఫైళ్లన్నీ ఎవరో తీసేశారనుకుని మీ కాపీలు కూడా చెరిపేసే ప్రమాదం ఉంది. ఆఫ్‌లైన్‌లో ఉండగానే జెడ్‌లోని ఫైళ్లను డెస్క్‌టాప్ మీద వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాతే కేబుల్ పెట్టండి. ల్యాప్‌టాప్ స్లో అయిందని మెకానిక్ ఫార్మాట్ చేస్తానన్నా ముందు ఇదే పని చేయించండి. సర్వర్‌కు ఇంకా చేరని మార్పులు ఆ ల్యాప్‌టాప్‌లో విండోస్ దాచుకున్న చోట తప్ప ఇంకెక్కడా ఉండవు. సి డ్రైవ్ చెరిపితే అవీ పోయినట్టే.