ఆన్‌లైన్ అమ్మకం నేర్చుకుందాం – మూడో పాఠం: పేజీలో రాసింది, ప్యాకెట్‌పై ఉన్నది

కిందటి రెండు పాఠాల్లో ఖాతా తెరవడం పూర్తయింది. జీఎస్టీ నమోదులో ఉన్న పేరు, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు ఒకటే ఉండాలని చెప్పుకున్నాం. మన ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుందని కూడా చూశాం. ఈ పాఠంలో సరుకు పేజీ తయారు చేద్దాం. అమ్మకందారుల ఖాతాలు మూతపడే ప్రమాదం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది కాబట్టి తొందరపడకుండా చదవండి.

మార్కెట్‌ప్లేస్ (అమెజాన్ వంటి ఆన్‌లైన్ అమ్మకపు వేదిక) నియమావళి చాలా పెద్దది. దాన్ని కంఠతా పట్టనక్కర్లేదు. అందులో చాలా నియమాల వెనక ఉన్న ప్రశ్న ఒక్కటే. కొనేవారు పేజీలో చదివింది, వారి ఇంటికి చేరిన ప్యాకెట్‌పై ఉన్నది, బిల్లులో ఉన్నది సరిపోలుతున్నాయా? గుంటూరు పట్నం బజారులో కారం కొనేవారు చిటికెడు అరచేతిలో వేసుకుని రంగు చూస్తారు, వాసన చూస్తారు, ఆ తర్వాతే బేరం ఆడతారు. గువాహటిలో ఫోను పట్టుకున్న మనిషికి ఆ వీలు లేదు. ఆయనకు దొరికేది మీరు రాసిన నాలుగు మాటలే. అందుకే నియమాలు అంత కఠినంగా ఉంటాయి, ఉండాలి కూడా.

ఉదాహరణకు అరకిలో కారం ప్యాకెట్ తీసుకుందాం. మిర్చి యార్డు సరుకే. కాయలు కొని, తొడిమలు తీయించి, మరలో ఆడించి, మీ సొంత పేరుతో ప్యాక్ చేశారు.

ముందు పేజీ రాసి, తర్వాత లేబుల్ వేయించే అలవాటు చాలామందికి ఉంది. అది తలకిందుల పద్ధతి. లేబుల్ ముందు ఖాయం కావాలి, పేజీ దాని నుంచి రావాలి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికల నిబంధనల ప్రకారం తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు, ఈమెయిల్ ప్యాకెట్‌పై ఉండాలి. వీటిలో తయారైన నెల, సంవత్సరం తప్ప మిగిలినవన్నీ పేజీలోనూ కనిపించాలి. తిండి సరుకు కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా లేబుల్‌పై అవసరం.

బరువు దగ్గర ఒక్క మాట కొంప ముంచుతుంది. ‘సుమారు 500 గ్రాములు’, ‘కనీసం 500 గ్రాములు’ అని రాయకూడదు. నిబంధనలు ఆ మాటలను ఒప్పుకోవు. 500 గ్రాములు అంటే 500 గ్రాములే, అది కూడా కవరు బరువు తీసేసిన తర్వాత. తూచే కాటాకు తూనికల శాఖ ముద్ర వేయించి ఉండాలి. ఇంట్లో వంటకు వాడే చిన్న కాటా ఈ పనికి చెల్లదు.

లేబుల్‌పై యూనిట్ ధర కూడా వేయాలి. కిలోలోపు ప్యాకెట్‌కు గ్రాముకు ఎంతో చెప్పాలి, కిలో దాటితే కిలోకు ఎంతో చెప్పాలి. మన అరకిలో ప్యాకెట్ ఎమ్మార్పీ 240 రూపాయలు అనుకుందాం. 240ని 500తో భాగిస్తే 0.48. అంటే లేబుల్‌పై ‘గ్రాముకు 0.48 రూపాయలు’ అని పడాలి. సరిగ్గా కిలో ప్యాకెట్ అయితే ఎమ్మార్పీయే కిలో ధర కాబట్టి విడిగా అక్కర్లేదు.

ఇక ఎమ్మార్పీ. ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. ప్యాకెట్‌పై 240 ఉంటుంది. పేజీ నింపేటప్పుడు ‘ఎమ్మార్పీ’ గడిలో 480 కొట్టి, ‘అమ్మకం ధర’ గడిలో 240 పెడతారు. తెర మీద యాభై శాతం తగ్గింపు అని వస్తుంది. పక్క అమ్మకందారు చేస్తున్నాడు కదా అని మనమూ చేస్తాం. కానీ ఆ తగ్గింపు ఎక్కడా లేదు. ప్యాకెట్ అందుకున్న మనిషి దాన్ని తిప్పి చూసి, ఫొటో తీసి ఫిర్యాదు పెడితే మీ దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే సాక్ష్యం మీరే ముద్రించి పంపారు. పక్కవాడు ఇంకా దొరకలేదన్నది మీకు రక్షణ కాదు. పేజీలో ఎమ్మార్పీ గడి నింపేటప్పుడు ప్యాకెట్‌ను ఎదురుగా పెట్టుకుని అంకె చూసి కొట్టండి. జ్ఞాపకం నుంచి కొట్టకండి.

దీనికే మరో కొస ఉంది. కమిషన్, కొరియర్ ఖర్చు కలిపాక 240 గిట్టుబాటు కాదని తర్వాత తెలుస్తుంది. అప్పుడు పాత అంకె మీద 280 స్టిక్కర్ అతికించడం కుదరదు. ధర తగ్గించడానికైతే స్టిక్కర్ వేయవచ్చు, అదీ పాత ఎమ్మార్పీని కప్పకుండా. పెంచడానికి వేయకూడదు. ఒకే ప్యాకెట్‌కు దుకాణంలో ఒక ఎమ్మార్పీ, ఆన్‌లైన్‌లో ఒక ఎమ్మార్పీ అనేది కూడా చెల్లదు. కాబట్టి లేబుళ్లు ప్రెస్‌కు పంపేముందే లెక్క పూర్తిగా వేసుకోండి.

పేరు సంగతి. గుంటూరులో కొన్న కాయలన్నీ గుంటూరు సన్నం కావు. యార్డుకు తేజ వస్తుంది, బాడిగ వస్తుంది, ఇంకా ఎన్నో రకాలు వస్తాయి. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 నాటి చట్టం ప్రకారం ఆ గుర్తింపును వాడుకునే అర్హత ఆ సరుకుకు, అధీకృత వాడకందారుగా నమోదైనవారికి ఉంటుంది. మీది తేజ అయితే ‘తేజ మిర్చి కారం, కాయలు గుంటూరు యార్డులో కొన్నవి’ అని రాయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. తేజ ఘాటు కోరి కొనేవారు ఉన్నారు, వారికి ఆ మాటే కావాలి. మంగళగిరి చీరలకూ ఇదే వర్తిస్తుంది. మరమగ్గం మీద నేసినదాన్ని చేనేత అని పేజీలో పెడితే అది కొన్నవారికి చేసిన మోసం, గుంతమగ్గంలో కూర్చుని నేసిన మనిషి కూలి లాక్కోవడం కూడా. ఇది కేవలం నియమం సంగతి కాదని నా గట్టి అభిప్రాయం.

కారం తింటే షుగరు తగ్గుతుంది, కొవ్వు కరుగుతుంది వంటి వాక్యాలు ఎక్కడా వద్దు. మధుమేహం నయమవుతుందంటూ మందుగా ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

మీది సొంత సరుకు కాకుండా, విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్‌గా కొన్న కంపెనీ సరుకు అయితే దారి వేరు. అమెజాన్ వంటి చోట్ల ఆ సరుకుకు ఇప్పటికే పేజీ ఉంటుంది. మీరు కొత్త పేజీ తెరవకూడదు, ఉన్న పేజీలో మీ ధర చేర్చాలి. రంగు, సైజు, మోడల్ అచ్చంగా అదే అయితేనే చేర్చాలి. ‘దాదాపు అలాంటిదే’ అనేది పనికిరాదు. ఆ సరుకు అసలైనదేనా అని మార్కెట్‌ప్లేస్ ఎప్పుడైనా బిల్లు అడగవచ్చు. నాలుగు రూపాయలు మిగులుతాయని కచ్చా చీటీ మీద కొంటే ఆ రోజు చూపించడానికి ఏమీ ఉండదు. సరఫరాదారు జీఎస్టీ నంబరు, మీ పేరు, సరుకు పేరు, సంఖ్య ఉన్న పక్కా బిల్లు తీసుకుని, అదే రోజు ఫొటో తీసి భద్రపరచండి.

సమీక్షల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అవి కూడా పేజీలో భాగమే. ‘వదినా, ఒకటి ఆర్డరు పెట్టి బాగుందని రాయవా, డబ్బులు నేను ఇస్తాను’ అని అడగడం సులువు. ఆమె కాదనదు. కానీ అమ్మకందారు తానే వినియోగదారుగా నటించి సమీక్షలు పెట్టడాన్ని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు నిషేధించాయి. డబ్బులిచ్చి బంధువుల చేత రాయించడాన్ని మార్కెట్‌ప్లేస్‌లు ఒప్పుకోవు. ‘అయిదు నక్షత్రాలిస్తే 50 రూపాయలు వెనక్కి’ అనే కార్డు ప్యాకెట్‌లో పెట్టడమూ అంతే. ఈసారి నేరుగా మాకే ఫోను చేయండని నంబరు రాసిన చీటీ కూడా పెట్టకండి. లేబుల్‌పై ఉండే ఫిర్యాదుల నంబరు వేరు, కొనుగోలుదారును దారి మళ్లించే చీటీ వేరు.

ఇంత పట్టింపు ఎందుకో ఒక అంకె చెబుతుంది. అమెజాన్‌లో లోపాలున్న ఆర్డర్లు ఒక శాతం లోపే ఉండాలి. కొత్త ఖాతాకు ఆర్డర్లు తక్కువగా ఉంటాయి. వందలోపు ఆర్డర్లున్నప్పుడు పేజీలో ఒక అబద్ధపు మాట వల్ల ఒక్క చెడ్డ రేటింగ్ వచ్చినా హద్దు దాటిపోతుంది.

అభ్యాసం: మీ పేజీని ఇంట్లో మరొకరి చేత బిగ్గరగా చదివించండి. మీరు ప్యాకెట్, కొనుగోలు బిల్లు ముందు పెట్టుకుని, చదివిన ప్రతి మాటకూ వాటిపై వేలు పెట్టి చూపించండి. వేలు పెట్టడానికి చోటు దొరకని మాటను పేజీ నుంచి తీసేయండి. ఆ తర్వాత ఈ పేజీలో తప్పులు పట్టండి: ‘అసలైన గుంటూరు సన్నం కారం (తేజ), సుమారు 750 గ్రాములు, ఎమ్మార్పీ 700, మా ధర 350, కిలోకు 467 రూపాయలు, మధుమేహానికి దివ్యౌషధం, సమీక్ష రాస్తే రెండో ప్యాకెట్ ఉచితం.’ ప్యాకెట్‌పై ముద్రించిన ఎమ్మార్పీ 350. ప్రతి తప్పు పక్కన సరైన వాక్యం కూడా రాసుకోండి. యూనిట్ ధర దగ్గర రెండుసార్లు చూడండి. జవాబులతో నాలుగో పాఠం మొదలుపెట్టి, తిరిగొచ్చిన సరుకును ఎప్పుడు కాదనకూడదో చూద్దాం.