కోటో తీగల మీద వాలిన అడవిబాతులు

జపాన్ చిత్రకారుడు సుజుకి హరునోబు చెక్క అచ్చు బొమ్మ ముందు నిలబడితే మొదట అందులోని అమ్మాయిని చూడకండి. ఆయన అమ్మాయిల ముఖాలన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. గదిలో సామాను చూడండి, గుట్టంతా అక్కడే ఉంది.

అంతకంటే ముందు ఒక పని. చైనాలో షియావో, షియాంగ్ నదుల ఒడ్డున ఎనిమిది దృశ్యాలని సోంగ్ వంశం రోజుల నుంచీ చిత్రకారులు మళ్ళీ మళ్ళీ వేశారు: ఇసుక తిన్నె మీద వాలే అడవిబాతులు, సరస్సు మీద శరత్కాలపు చంద్రుడు, దూరపు గుడిలో సాయంకాలం గంట, ఒడ్డుకి తిరిగొచ్చే తెరచాపలు, రాత్రి వాన, మునిమాపు మంచు, పల్లె మీద సంజె వెలుగు, మబ్బు విడిన కొండ సంత. వీటిని కంఠతా పట్టండి.

ఇప్పుడు 1766 ప్రాంతంలో హరునోబు ఎడో నగరంలో (ఇప్పటి టోక్యో) వేసిన ‘జషికి హక్కెయ్’ బొమ్మల వరస తియ్యండి. ‘గదిలో ఎనిమిది దృశ్యాలు’ అని అర్థం. నదీ లేదు, కొండా లేదు. ఒక బొమ్మలో ఒకమ్మాయి కోటో అనే పొడవాటి తీగల వాద్యం వాయించడానికి వేళ్ళకి మీటే గోళ్ళు తొడుక్కుంటోంది. నేను చాలాసేపు ఆ వేళ్ళనే చూశాను, ఎంత సుకుమారమో! తర్వాత కన్ను వాద్యం మీదికి జారింది. తీగల్ని ఎత్తిపట్టడానికి వాటి కింద నిలబెట్టిన చిన్న చిన్న ‘గుర్రాలు’ (బ్రిడ్జీలు) ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి. అదే బాతుల బారు! తిన్నె మీదికి దిగుతోంది. ఒళ్ళు జలదరించింది.

మిగతావి మీరే పట్టుకోగలరు. గుండ్రటి అద్దం చంద్రుడు, గడియారం గుడిగంట, గాలికి ఉబ్బిన తువ్వాలు తెరచాప. రాత్రి వాన మాత్రం కంటికి దొరకదు, చెవితో వెతకాలి: కెటిల్‌లో మరిగే నీళ్ళ చప్పుడది.

ఈ విద్యని జపాన్‌లో ‘మితతె’ అంటారు, ఒకటి చూపించి దాన్ని ఇంకొకటిగా చూడమనడం. మన శ్లేష లాంటిదే, కాకపోతే మాటకి బదులు వస్తువు రెండర్థాలు పలుకుతుంది.

మనుషుల కథలకీ ఇదే పద్ధతి. మంచులో వెదురు మొలకలు తవ్వే అమ్మాయి కనిపిస్తే, జబ్బుపడ్డ తల్లి కోసం చలికాలంలో మొలకలు వెతికిన మెంగ్ జోంగ్‌ని తలుచుకోండి. పెద్ద చేపనెక్కిన అమ్మాయైతే చిన్ గావో అనే సిద్ధుడు. ఆయన చేతిలో తరచూ గ్రంథపు చుట్ట ఉంటుంది. ఈమె చదువుతున్నది ఉత్తరం.