తెరచాప పడవలో ఆక్లండ్ రేవు చేరే దంపతులకు

న్యూజిలాండ్ కస్టమ్స్‌కు రాక సమాచారం కనీసం 48 గంటల ముందే అందాలి కనుక, ఆ పత్రాన్ని బయలుదేరే రేవులోనే నింపి పంపడం మేలు. పడవ అడుగున నాచు, గుల్లలు పేరుకుని ఉండరాదన్న నిబంధన 2018 నుంచి అమలులో ఉంది. ముందే శుభ్రం చేయించి, రసీదులు, ఫొటోలు దగ్గర ఉంచుకోవాలి. ఆహారపదార్థాలు చాలావాటిని దేశంలోకి తేనివ్వరు కనుక తాజా పండ్లు, కూరగాయలు దారిలోనే తినేయాలి. తేనె సీసా మీద ఆశ వదులుకోవడమే మంచిది.

పగటివేళ చేరేలా వేగం సరిచూసుకోండి. రాత్రి నగర కాంతిలో దారి చూపే దీపాలు కలిసిపోయి, నిద్రలేని కళ్లను మోసగిస్తాయి. రంగిటోటో అగ్నిపర్వత ద్వీపం ఎడమచేతి వైపు ఉండేలా లోపలికి వస్తున్నప్పుడు ఎర్ర బోయాలు (దారి చూపుతూ నీటిపై తేలే గుర్తులు) కూడా ఎడమనే ఉండాలి. అమెరికా తీరంలో నేర్చినవారికి ఇది తలకిందులు. ప్రవేశ అనుమతి కోరే పసుపు జెండా ఎగురవేసి, అధికారులు సూచించిన చోటికే వెళ్లాలి. అనుమతి రానిదే ఇద్దరిలో ఎవరూ పడవ విడిచి వెళ్లరాదు.

ఆ తర్వాత, 1959లో తెరిచిన హార్బర్ బ్రిడ్జి దక్షిణపు కొసన ఉన్న వెస్ట్‌హేవెన్ మరీనాలో, అంటే చిన్న పడవల రేవులో, పడవ కట్టవచ్చు. మహాసముద్రం దాటినంతసేపూ పొరపొచ్చం లేని జంట ఈ చివరి పది నిమిషాల్లోనే అరుచుకుంటుంది, ఎందుకంటే ఇంజను హోరులో పడవ ముక్కు దగ్గర నిలబడ్డవారికి చుక్కాని దగ్గరివారి మాట వినబడదు. ఆపు, వెనక్కి, ఎడమకు అనే చేతి సైగలు ముందే అనుకోండి. గట్టుకు మొదట వేయవలసినది పడవ నడుమనున్న మోకు. అది బిగిస్తే ముందూ వెనకా మోకులు నిదానంగా కట్టుకోవచ్చు.