రేకుల కింద థర్మోకోల్ వేయించినా కోళ్లు రొప్పుతున్నాయా?

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు పెరట్లో కోళ్లు పెంచేవాళ్లు ఏటా మే నెలలో నన్ను అడిగేది ఒకటే. రేకుల కింద థర్మోకోల్ కొట్టించాం, పైన సున్నం వేయించాం, అయినా మధ్యాహ్నం మూడింటికి కోళ్లు రెక్కలు విప్పి, ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి, ఇంకా మందం షీటు వేయించాలా అని. డబ్బు ఖర్చు పెట్టే ముందు అదే మూడింటికి గూట్లోకి వెళ్లి కాసేపు కూర్చోండి. ఈ ఒక్క పని ఎవరూ చేయరు.

థర్మోకోల్ అడుగున అరచెయ్యి ఆనించండి. చురుక్కుమంటే పొర పలచనైంది, లేదా అతుకులు విడిపోయాయి. ఇంకో అంగుళం పొర వేసి అతుకులకు టేపు అంటించండి. చెయ్యి కాలకపోయినా లోపల ఉక్కపోస్తుంటే మాత్రం గాలి కదలడం లేదని అర్థం.

నన్ను దెబ్బతీసింది ఇదే. ఒక రోహిణి కార్తెలో, ఒకే మధ్యాహ్నం తొమ్మిది వనరాజా పెట్టలు చనిపోయాయి. గోడకూ రేకుకూ మధ్య జానెడు సందు వదిలాను, బయటి నుంచి చూస్తే అది తెరిచే ఉంది. లోపలికి వెళ్లి అగరుబత్తి వెలిగించాక గానీ తప్పు తెలియలేదు. థర్మోకోల్‌ను సీలింగులా అడ్డంగా, ఆ సందుకు బెత్తెడు కిందుగా బిగించారు. గాలి సీలింగు పైనుంచి వచ్చి పైనుంచే పోతోంది. కోళ్లున్న గది మూతపెట్టిన కుండలా ఉంది, పొగ సీలింగు కిందే నిలిచిపోయింది. కోడికి చెమట పట్టదు. రొప్పుతూ ఊపిరితో తేమను బయటకు పంపితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలి నిలిచి, రెట్టల తేమ కూడా చేరితే ఎంత రొప్పినా లాభం ఉండదు. నేనేమో వేడికేనని చుట్టూ తడి గోనెలు కట్టి ఆ తేమను ఇంకా పెంచాను. గాలి ఆడే గూటికి తడి గోనె మేలు, ఆడని గూటికి అదే చేటు.

షీట్లు విప్పి, రేకు వాలు వెంటే, రేకుకు రెండంగుళాలు దిగువన మళ్లీ బిగించండి. చూరు సందు షీటు కిందికి రావాలి. విప్పడం కుదరకపోతే సీలింగుకు దిగువన రెండు పొడవు గోడల్లోనూ పై వరుస ఇటుకలు తీయించండి. సందుకు అరంగుళం జాలీ కొట్టండి, పెద్ద కళ్ల జాలీలోంచి పాము దూరుతుంది. ఆ తర్వాత మళ్లీ అగరుబత్తి వెలిగించండి. పొగ సందువైపు సాగితే పని అయినట్టే.

చలికాలంలో తెల్లవారుజామున సీలింగు నుంచి నీళ్లు కారి, రెట్టల ఘాటు కళ్లు మండిస్తున్నా కారణం ఇదే. చలి అని ఆ సందులో సంచులు కుక్కుతారు. గాలి తగలకుండా కోళ్లు వాలే ఎత్తు వరకే కప్పండి, పైసందు ముట్టుకోవద్దు.

థర్మోకోల్‌కు గుంటలు పడుతుంటే కోళ్లు పొడిచి తింటున్నాయి. అందినంత మేర ప్లైవుడ్ కొట్టండి. నన్నడిగితే తాటాకు దొరికే ఊళ్లో రేకు పైన మందంగా తాటాకే కప్పుకోవడం మేలు. పొయ్యి మాత్రం దూరంగా ఉండాలి.

షీటులో చీమలు, రేకు చిల్లు, షీటు తడవడం అరుదు. కనిపిస్తే ఆ ముక్క మార్చేయండి.