నేల సర్వేకు బయల్దేరే ముందు

అనంతపురం మెట్టల్లో వాటర్‌షెడ్ ప్లానుకు (వాననీటిని, మట్టిని చేలోనే నిలిపే పథకానికి) నేల సర్వే చేయాలంటే ఏప్రిల్, మే నెలలే అనుకూలం. చేలు ఖాళీగా ఉంటాయి. తొలకరి పడిందా, వేరుశనగ విత్తే హడావుడిలో రైతు మనకు చిక్కడు. ఎండ సంగతి వేరే చెప్పాలా! తెల్లారేసరికి చేలో ఉండి, పదకొండుకల్లా ముగించండి.

• గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరువారీ పొలం కొలతల పుస్తకం) నకళ్లు, 1:50,000 టోపోషీటు (ఎత్తుపల్లాలు, వంకలు చూపే పటం) ముందే సరిచూసుకోండి.

• రైతుకు చెప్పకుండా గడ్డపార వేయొద్దు. కొలతలనగానే భూమి పోతుందేమోనని భయపడతారు. ముందురోజే ఊళ్లో చెప్పించండి.

• నడక గుట్ట మీద మొదలుపెట్టి వంక వైపు దిగాలి. పైన ఎర్ర గరుసు నేలలో జానెడు లోతుకే రాయి ఠంగుమంటుంది, అదే చేను దిగువ మూలలో మూరెడు తవ్వినా తగలకపోవచ్చు. ఒక్క గుంత చూసి చేనంతటికీ ఒకే లోతు రాసేయడం నా లెక్కలో దొంగ సర్వే.

• నమూనాకు పైచెత్త తీసి, ‘వి’ ఆకారంలో 15 సెం.మీ. గుంత తీసి, అంచు నుంచి సమంగా మట్టి చెక్కండి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పల చోటు వదిలేయండి. జింకు పరీక్ష ఉంటే జింకు పూత బకెట్టు వాడొద్దు, ప్లాస్టిక్‌దే. చీటీ సంచి లోపల ఒకటి, బయట ఒకటి.

• మట్టిలో సున్నం ఉందో లేదో చూసే పరీక్షకు యాసిడ్ పలచన చేసేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు.

• లోతు గుంతల్ని ఆ సాయంత్రమే పూడ్చండి. మేతకొచ్చిన గొర్రెలు పడతాయి.