రెండో వీణ కొనేముందు, ఉన్న వీణకి ఇవన్నీ చేసి చూడండి

వీణ పట్టిన నాలుగైదేళ్ళకి చాలామందికి ఒకటే అనిపిస్తుంది, నా వీణలో నాదం తగ్గిపోయింది, ఇంకోటి కొనాలి అని. నాకూ అనిపించింది, కొన్నా కూడా, రెండేళ్ళు ఎక్కువగా కవర్లోనే ఉంటే చివరికి నేర్చుకునే పిల్లకి ఇచ్చేశా. 2006లో బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేయించుకున్న నా ఏకాండ వీణ, అంటే కుండా (గుండ్రటి బుర్ర) దండీ (పొడవాటి కాడ) కలిపి ఒకే పనస దుంగలోంచి తొలిచింది, ఇప్పటికీ దాని మీదే వాయిస్తున్నా.

ముందు లోపం ఎక్కడుందో పట్టుకోండి. సారణి తీగని, అంటే వాయించే తీగల్లో మొదటిదాన్ని, ఏదీ నొక్కకుండా వట్టిగా మీటి, తర్వాత పన్నెండో మెట్టు (దండి మీద అడ్డంగా ఉండే కడ్డీ) మీద నొక్కి మీటండి, సరిగ్గా పై షడ్జం, అంటే పై స, పలకాలి. దాని పక్కనుండే పంచమం తీగ మీద ఐదో మెట్టు నొక్కితే వట్టి సారణితో కలిసిపోవాలి. కలవకపోతే మొదట తీగలు మార్చండి, పాత తీగ ఎంత శ్రుతి చేసినా కలవదు. కొత్త తీగలేసినా తేడా ఉందంటే అప్పుడు మెట్ల సంగతి.

ఆ 24 మెట్లూ మైనం మీద కూర్చుని ఉంటాయి కదా, రోజూ నొక్కేకొద్దీ కొంచెం కొంచెం దిగుతాయి, ఎండ తగిలితే మైనం మెత్తబడి పక్కకి ఒరుగుతాయి. ఒక మే నెలలో పెళ్ళి కచేరీకి వెళ్ళి భోజనాల టైంలో వీణని రెండు గంటలు కార్లో వదిలేశా, తీసి చూస్తే మధ్యలో మూడు మెట్లు ఒరిగిపోయి ఉన్నాయి, నిజంగా ఏడుపొచ్చింది. మెట్లు కట్టే ఆయన ఇంటికొచ్చి మైనం అంతా తీసి కొత్తది పోసి, ఒక్కో మెట్టుకీ తీగ మీటి చెవి దగ్గర పెట్టుకుని విని, గోరంత జరిపి మళ్ళీ మీటి, అలా రెండు రోజులు కూర్చున్నాడు. పని అయ్యాక సారణి మీటితే మొదటి రోజు విన్న నాదమే, అన్నేళ్ళూ వీణ పాతదైపోయిందనుకున్నా, పాతబడింది మైనం.

బ్రిడ్జి మీద ఇత్తడి రేకు కూడా చూడండి, తీగలు కోసి గాట్లు పడితే మోత బొంగురుపోతుంది, దాన్ని అరగదీయించాలి, సొంతంగా ఆకురాయి పెట్టొద్దు ప్లీజ్.

ఇంత ఎందుకంటే, తోడి రాగంలో గాంధారం లాగేటప్పుడు తీగ ఎంత దూరం వెళ్ళాలో నా వేలికి తెలుసు, కొత్త వీణ మీద తీగ బిగువు వేరు, మెట్టు ఎత్తు వేరు, అదే లాగుడికి స్వరం ఇంకెక్కడో పలుకుతుంది. రెండు వీణల మధ్య తిరిగిన ఆ రెండేళ్ళూ నా గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, దేనిమీదా నిలవలేదు.

దండి పగిలినా వంగినా అది వేరే సంగతి, అప్పుడు కొనుక్కోవాల్సిందే. లేదంటే ఉన్నదాన్నే చూసుకోండి, వానాకాలం బిరడాలు (తీగలు బిగించే చెక్క మరలు) ఉబ్బి బిగుసుకుంటాయి, బలవంతంగా తిప్పొద్దు, ఎండాకాలం జారుతుంటే కాస్త సుద్దపొడి రాయండి. వాయించడం అయ్యాక వేళ్ళ కొబ్బరినూనె తీగలకి అంటి ఉంటుంది కాబట్టి పొడి గుడ్డతో మెట్ల కింద దాకా తుడిచి, అప్పుడే కవర్ వేయండి.