బ్యాటరీ సర్క్యూట్లు – పాఠం 4: ఎల్ఈడీ ఆరి ఉన్నప్పుడు పారే కరెంట్

పోయిన పాఠంలో మూడు ఏఏ సెల్స్, ఒక ఏటీటైనీ85 చిప్ (చిన్న మైక్రోకంట్రోలర్)తో ఎర్ర ఎల్ఈడీని మెరిపించాం. నాలుగు సెకన్లకోసారి 10 మిల్లీసెకన్ల మెరుపు, మిగతా సమయమంతా చిప్ నిద్రలోనే. ఈసారి ఆ సర్క్యూట్‌కు రెసిస్టర్లు, కెపాసిటర్లు ఎంచుకుందాం.

ముందు ఎల్ఈడీ రెసిస్టర్. కొత్త సెల్స్ మూడూ కలిపి 4.5 వోల్టులు. ఎర్ర ఎల్ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పడతాయి. మిగిలిన 2.5 వోల్టులను మనకు కావలసిన 5 మిల్లీయాంప్‌ల కరెంట్‌తో భాగిస్తే 500 ఓమ్‌లు. దానికి దగ్గరగా దొరికేది 470, అంటే పసుపు, ఊదా, గోధుమ రంగు పట్టీలు. కరెంట్ 5.3 మిల్లీయాంప్‌లు అవుతుంది. ఎల్ఈడీ డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) 20 మిల్లీయాంప్‌లు అని ఉంది కదా అనిపించవచ్చు. ఇప్పటి ఎల్ఈడీలు గదిలో 2 మిల్లీయాంప్‌లకే చక్కగా కనిపిస్తాయి, 20 అక్కర్లేదు. సెల్స్ అరిగి మొత్తం 3 వోల్టులకు దిగినా ఇదే రెసిస్టర్‌తో 2 మిల్లీయాంప్‌లు వస్తాయి. తెల్ల, నీలి ఎల్ఈడీలకు మాత్రం 3 వోల్టుల దాకా కావాలి కాబట్టి అవి అప్పటికే ఆరిపోతాయి.

ఇప్పుడు సగటు లెక్క వేయండి. 5.3 మిల్లీయాంప్‌లు నాలుగు సెకన్లలో 10 మిల్లీసెకన్లే పారుతున్నాయి. సగటున 13 మైక్రోయాంప్‌లు. ఈ అంకె గుర్తుంచుకోండి.

బ్యాటరీ ఎంత మిగిలిందో చూడటానికి చాలామంది రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లను బ్యాటరీకి అడ్డంగా సిరీస్‌లో కలిపి, మధ్యలో వోల్టేజ్ కొలిచే వోల్టేజ్ డివైడర్ పెడతారు. దాంట్లో రాత్రీ పగలూ 225 మైక్రోయాంప్‌లు పారుతూనే ఉంటాయి. ఎల్ఈడీ తినేదానికి 17 రెట్లు! 2000 మిల్లీయాంప్-అవర్ల సెల్స్‌ను ఆ రెండు రెసిస్టర్లే ఏడాదిలో ఖాళీ చేస్తాయి. చిన్న విలువ రెసిస్టర్ నిరపాయం అనుకోవడం బ్యాటరీ సర్క్యూట్లలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. రెండూ 1 మెగా ఓమ్‌వి పెడితే 2.25 మైక్రోయాంప్‌లే. కానీ చిప్‌లో వోల్టేజ్ కొలిచే భాగానికి (ఏడీసీకి) అంత పెద్ద రెసిస్టెన్స్ నచ్చదు, డివైడర్ కలిపిన పిన్ నుంచి గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. నా ఓటైతే డివైడరే లేకుండా చేయడానికి. ఈ చిప్ లోపలి 1.1 వోల్ట్ రిఫరెన్స్‌ను (బ్యాటరీ తగ్గినా దాదాపు మారని వోల్టేజ్‌ను) కొలిచి, దాన్నుంచి సప్లై వోల్టేజ్ లెక్కకట్టవచ్చు.

ఇక కెపాసిటర్లు. చిప్ పవర్, గ్రౌండ్ పిన్‌ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ తప్పనిసరి. దానిమీద 104 అని రాసి ఉంటుంది. కాళ్లు పొట్టిగా కత్తిరించి పిన్‌లను ఆనుకుని పెట్టండి. బ్రెడ్‌బోర్డ్ అవతలి చివర పెడితే ఆ వైర్ల ఇండక్టెన్స్ వల్ల సగం ఉపయోగం పోతుంది.

దీనికి తోడు 100 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి పెట్టేయడం చాలామందికి అలవాటు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. 100 మైక్రోఫారడ్, 10 వోల్టుల రకానికి డేటాషీట్‌లు తరచూ ఇచ్చే లీకేజ్ (కెపాసిటర్ గుండా ఊరికే కారిపోయే కరెంట్) పరిమితి 10 మైక్రోయాంప్‌లు. నిజంగా లీకయ్యేది సాధారణంగా అంతకంటే తక్కువే, అయినా పరిమితి మన ఎల్ఈడీ సగటుకు దగ్గర్లో ఉంది. ఏఏ సెల్స్ లోపలి రెసిస్టెన్స్ తక్కువ కాబట్టి 5 మిల్లీయాంప్‌ల మెరుపుకు ఈ కెపాసిటర్ అవసరమే లేదు. సీఆర్2032 బటన్ సెల్ వాడితే మాట వేరు. అరిగేకొద్దీ దాని లోపలి రెసిస్టెన్స్ పదుల ఓమ్‌లకు చేరి, ప్రతి మెరుపుకూ వోల్టేజ్ కుంగుతుంది. అక్కడ పెద్ద కెపాసిటర్ ఉండాలి, లీకేజ్ తక్కువ ఉండే సిరామిక్ అయితే మేలు.

అభ్యాసం: మీ దగ్గరున్న 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్‌ను 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో సిరీస్‌లో 4.5 వోల్టులకు కలపండి. చార గీసిన కాలు నెగెటివ్ వైపు ఉండాలి. పది నిమిషాలు ఆగి, రెసిస్టర్ మీద వోల్టేజ్ కొలవండి. ప్రతి 0.1 వోల్ట్‌కూ 1 మైక్రోయాంప్ లీకవుతున్నట్టు. అదే కెపాసిటర్‌ను రాత్రంతా అలాగే ఉంచి పొద్దున్నే మళ్లీ కొలిచి, రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. పాఠం 5లో నిద్రలో ఉన్న చిప్ కరెంట్‌ను ఇదే పద్ధతిలో కొలుస్తాం.